పేజీలు తిప్పే స్టూలు

అబిడ్స్,
11 నవంబర్ 2024

హెర్బర్ట్‌కు,

నీ నంబరు బ్లాక్ చేసిన సంగతి ఈపాటికి నీకు అర్థమయ్యే ఉంటుంది. తీసే ఉద్దేశం లేదు. మీ చర్చి క్వయిర్‌లో నాకు తెలిసిన నంబర్లన్నీ దానితోపాటే పోయాయి, జెర్లిన్‌దీ రాజయ్యదీ కూడా. అందుకే ఈ ఉత్తరం. జనరల్ పోస్టాఫీసు మా సందు చివరే కాబట్టి నా చిరాకును నేనే నడిచివెళ్ళి డబ్బాలో వేసి రాగలను.

చెప్పదలుచుకున్నది ఒక్కటే. పోయిన ఫిబ్రవరిలో వచ్చిన ఆ జర్మన్ జంట, పియానో వాయించే లీనా, చెల్లో వాయించే మాథియాస్, మళ్ళీ వస్తున్నారు. జనవరి ఇరవై ఐదు శనివారం, అదే బడి హాలు. ఈసారి నీకూ నీ మందకూ పాసులు పంపను.

పోయినసారి హాలు సగం కూడా నిండదని సంగీత సభ సెక్రటరీ శశికిరణ్ లబలబలాడుతుంటే, పోనీ మావాళ్ళు వస్తారు, వాళ్ళకి స్వరజ్ఞానం ఉంది, బుద్ధిగా కూర్చుంటారు అని నేనే చెప్పి మెదక్ నుంచి మిమ్మల్ని పిలిపించాను. బుద్ధిగానే కూర్చున్నారు, ఆఖరి అంశం దాకా. లీనా ఆ నెమ్మది రాగం ఎత్తుకుంది. ఒక్క వరుస అయ్యిందో లేదో నువ్వు లేచావు. నీ వెనక మెదక్ వరుస మొత్తం లేచింది. అక్కడితో ఆగారా? తెలుగులో, నాలుగు గోడలూ దద్దరిల్లేలా, వాళ్ళ వాయిద్యం మీద మీ కీర్తన ఎక్కించారు. ముందు వరుసల్లో ఉన్నవాళ్ళు మెడలు తిప్పి, చెప్పుల కింద ఏదో తొక్కినట్టు మొహాలు పెట్టారు. ఎవరు వీళ్ళు అని ఎవరో అడిగితే శశికిరణ్ గట్టిగా, "మాబెల్ మేడం చుట్టాలు" అన్నాడు. నేను స్టేజీ మీద, లీనా పక్కన నా స్టూలు మీద, స్వరాల పుస్తకం పేజీ మూల పట్టుకుని కూర్చుని ఉన్నాను. నేల చీలితే దూరిపోయేదాన్ని.

బడిలో పియానో చెప్పడం మానేశాక నాకు మిగిలిన మర్యాద ఆ స్టూలొక్కటే. బయటి దేశాల నుంచి, బయటి ఊళ్ళ నుంచి ఎవరు వచ్చి వాయించినా పేజీలు తిప్పేది నేను. ఇప్పుడు దానికీ ఎసరు వచ్చింది. టాబ్లెట్ పెట్టుకుని కింద పెడల్ కాలితో తొక్కితే పేజీ తిరుగుతుందట. "మీరు ట్రబుల్ తీస్కోవద్దు మేడం" అని శశికిరణ్ కలిసినప్పుడల్లా అంటున్నాడు. పాతది ఏది కనబడినా తుడిచి పారేయాలన్న ఆ చూపు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నీ పుణ్యమా అని ఆ స్టూలు ఒక కాలు మీద నిలబడి ఉంది. ఆ ఒక్క కాలు కూడా విరగ్గొట్టకు.

కాదనలేని చుట్టరికంతో,
మాబెల్

*

మెదక్,
20 నవంబర్ 2024

అక్కకు వందనాలు.

ఉత్తరం అందింది. చేతిరాత ఎప్పటిలాగే ముత్యాలు, మాటలే రాళ్ళు. మమ్మల్ని మంద అన్నావు. ప్రభువు కూడా అదే మాట అన్నాడు కాబట్టి దానికి తప్పు పట్టను.

ఆ రాగం అమ్మ పెట్టె గోతిలోకి దింపుతుంటే పాడిన కీర్తనది. అది నీకు గుర్తు లేకపోతే ఇంక నేను రాసేదేమీ లేదు. గుర్తుంటే నువ్వే చెప్పు, ఆ రాగం మొదలయ్యాక మనవాళ్ళలో కూర్చునేవాళ్ళు ఎవరున్నారు? పసిపిల్లలు కూడా లేస్తారు. నడుము విరిగిన భూమయ్య తాత కూడా కర్ర పట్టుకుని లేచేవాడు. అది జర్మనీ రాగమైతే కావచ్చు. మిషనరీలు తెచ్చి మన ముత్తాతల నోట్లో పెట్టి వందేళ్ళు దాటింది. ఇంకా వాళ్ళదేనా? వాళ్ళు వాయిస్తుంటే మనం నోరు మూసుకుని వినాలా?

మేం లేచింది మాత్రమే నువ్వు రాశావు. నేను చూసింది కూడా రాస్తాను. అసలు రాగం ఎత్తే సోప్రానోకు జెర్లిన్ ఉంది. మగ గొంతుల్లో టెనర్‌కు నేనున్నాను. అడుగున బేస్‌కు రాజయ్య ఉన్నాడు. రాగానికి కిందుగా నడిచే ఆల్టో మాత్రం లేదు. అది పాడే ఆడవాళ్ళిద్దరూ ఆ రోజు జ్వరంతో మెదక్‌లోనే ఆగిపోయారు. చిన్నప్పటినుంచి మన ఇంటి ఆల్టో ఎవరో నీకు తెలుసు. ఆవిడ పైన కూర్చుని పేజీలు తిప్పుతోంది. తిరుగు బస్సులో జెర్లిన్ నన్ను అడిగింది, "సార్, అక్కయ్య నోరు గూడ మెదపలే. మనమంటే గంత సిగ్గా ఆమెకు?" అని. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

హార్మోనియం తిత్తిని ఎలుకలు కొరికేశాయి. తోలు అతికిస్తున్నాను, ఆ జిగురు కంపుకు ఇంట్లో అన్నం సహించడం లేదు. క్రిస్మస్ పాటలకు ఊళ్ళు తిరగడం మొదలవుతుంది. పాసుల కోసం మేమేమీ అడగలేదు.

హెర్బర్ట్

*

అబిడ్స్,
5 డిసెంబర్ 2024

హెర్బర్ట్‌కు,

నాకు కీర్తన గుర్తు చేయాల్సిన అవసరం లేదు. అమ్మ పక్కన నిలబడి దాన్ని నీకంటే ముందు నేర్చుకున్నాను. ఆల్టో ఒక్కటే నేర్పింది. ఇన్నేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను, ఎన్ని రాగాలో వేళ్ళతో వాయించాను, కానీ పాడదామని నోరు తెరిస్తే ఈనాటికీ ఆల్టోనే వస్తుంది. ఏ కీర్తనకూ అసలు రాగం నా గొంతులో లేదు.

పేజీ తిప్పడం అంటే నీకు తెలియదు. తిప్పేవాళ్ళు అక్కడ ఉన్నట్టే కనబడకూడదు. మెరిసే చీర కట్టకూడదు, గాజులు చప్పుడు కాకూడదు, తుమ్ము వస్తే మింగాలి. అలాంటి చోట కూర్చుని నేను నోరు తెరిచి మీతో కలవాలా? సిగ్గు కాదు, అది పని.

అయినా నేను ఎవరి కోసం ఇంత మడి కట్టుకున్నానో అని మొన్న శనివారం అనిపించింది. పుణె నుంచి ఒకాయన వచ్చాడు, ఎంత హాయిగా వాయిస్తాడో. ఆయన్ని పియానో ముందు కూర్చోబెట్టి, ముఖ్య అతిథి వచ్చేదాకా ఆగమన్నారు. ముఖ్య అతిథి వచ్చాడు. దీపం. ఉపన్యాసం. శాలువాలు. మళ్ళీ ఉపన్యాసం. ఆ తడి దండలన్నీ తీసి ఎక్కడ పెట్టారనుకున్నావు? పియానో మీద. బంతిపూల నీళ్ళు లోపలికి కారుతుంటే నా కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నాను. సమోసా తిన్న చేత్తోనే ఒకావిడ మీటల మీద వేలు పెట్టి టింగుమనిపించి ఫోటో దిగింది. ఆ నూనె మరక చూసి నాకు వాంతి వచ్చినంత పనైంది. పుణె ఆయనకు చివరికి మిగిలింది అరగంట.

అసలు సంగతి ఇది. మీరు పాడినప్పటి వీడియో ఎవరో తీశారట, శశికిరణ్ ఇప్పుడు చూశాడు. చూసి అతనికొక ఆలోచన వచ్చింది. అది ఏమిటో రాయాలంటే నాకే కంపరంగా ఉంది, రాయను. నీకు ఫోన్ చేస్తానన్నాడు. చేస్తే కుదరదని చెప్పు. మీరు ఇక్కడికి రావద్దు. వస్తే నలుగురిలో నవ్వులపాలవుతారు.

మాబెల్

*

మెదక్,
16 డిసెంబర్ 2024

అక్కకు,

శశికిరణ్ గారు ఫోన్ చేశారు. ఎంత మర్యాదగా మాట్లాడారో చెబితే నువ్వు నమ్మవు. పోయినసారి మా పాట విని ఆ జర్మనీవాళ్ళు ఎంతో సంతోషించారట, మళ్ళీ వినాలని వాళ్ళే అడిగారట. మా పేర్లు కార్యక్రమం కాగితంలో అచ్చు వేస్తారట. వ్యాన్ పంపిస్తారట. "మీరొస్తే మాకు గౌరవం సార్" అన్నారు. నవ్వులపాలు అన్న మాట నీ కలంలోంచి వచ్చింది గానీ ఆయన నోట్లోంచి రాలేదు.

మేం వస్తున్నాం. పాడడానికి, పిలిస్తే వస్తున్నాం. అందరికీ తెల్ల చీరలు, తెల్ల చొక్కాలు కుట్టిస్తున్నాం. రాజయ్య మేస్త్రీ పని ఆపేసి మరీ సాయంత్రాలు వచ్చి కూర్చుంటున్నాడు. ఆల్టోకు ఆ ఇద్దరినీ తయారు చేస్తున్నాను, నీ అంత రాకపోయినా ఫరవాలేదు. నువ్వు నిశ్చింతగా నీ స్టూలు మీద కూర్చో. మేం నీకు ఏమవుతామో ఎవరికీ చెప్పం.

క్రిస్మస్ శుభములు.
హెర్బర్ట్

*

అబిడ్స్,
5 జనవరి 2025

ఒరేయ్ హెర్బర్ట్,

నీ ఉత్తరం చదివాక నాలుగు రోజులు కోపంతో, తర్వాత క్రిస్మస్‌తో, తర్వాత జలుబుతో గడిచాయి. నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలైంది. నాంపల్లి వైపు అడుగు పెట్టే వీలు లేదు, మైకుల రొద, కాలిన నూనె వాసన, ఆటోవాళ్ళ బూతులు. మెట్రో స్టేషన్ మెట్ల మీద ఎవరో తిని ఉమ్మిన పాన్‌లో కాలు వేసి జారబోయాను. ఈ ఊరి మీద నాకు మిగిలిన ప్రేమ ఆ మెట్ల మీదే వదిలేసి వచ్చాను.

సరే. రాయనన్నది రాస్తున్నాను, ఎందుకంటే రాయకపోవడం వల్లే నువ్వు నన్ను అపార్థం చేసుకున్నావు.

శశికిరణ్‌కు మీ పాట అక్కర్లేదు. అతనికి కావలసింది పల్లెటూరు. మీ అందరికీ నల్ల గొంగళ్ళు కప్పాలట. చెప్పులు విప్పించాలట. మగవాళ్ళకు తలపాగాలు, ఆడవాళ్ళ చేతిలో జొన్న కంకులు, తలా ఒక లాంతరు. హాలు దీపాలు ఆర్పేస్తే వెనక తలుపులోంచి మీరు వరసగా నడిచి రావాలట. పోస్టరు నేను కళ్ళారా చూశాను. మీ పేర్లు లేవు. "పల్లె గొంతులు" అని ఉంది, కింద బర్రెల బొమ్మ ఉంది. ఇదంతా వైశాలి అని సభలో కొత్తగా చేరిన అమ్మాయి చేతుల మీదుగా జరుగుతోంది. గొంగళ్ళు నాటకాల సామాను దుకాణం నుంచి కిరాయికి తెస్తున్నారు. వాసన ఇక్కడిదాకా కొడుతోంది.

నేను ఊరుకోలేదు. వాళ్ళు స్వరాలు చూసి నాలుగు గొంతుల్లో పాడేవాళ్ళు, జెర్లిన్ దవాఖానలో నర్సు, ఆమె చేతిలో కంకులెందుకు పెడతారు అని అడిగాను. అతను నవ్వి, "మేడం, సింగింగ్ ఓకే. ఆడియెన్స్‌కి చూసేతందుకు ఏమన్న ఉండాలె గదా" అన్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ రోత పుడుతోంది.

రావద్దురా. నా కోసం కాదు, నా మాట నమ్ము.

నీ అక్క

*

మెదక్, 13 జనవరి 2025
(పోస్టు కార్డు)

అక్కకు,

గొంగళ్ళ కథ అందరికీ చదివి వినిపించాను. నవ్వారు. మమ్మల్ని ఆపడానికి అక్కయ్యకు ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా అని జెర్లిన్ అడిగింది. ఒకవేళ నిజమే అనుకుందాం. మా నాయనలు కప్పుకున్నదే, గొంగడి మాకు కొత్త కాదు. నీకే కొత్త.

ఇరవై ఐదున కలుద్దాం, నీకు కలవాలనిపిస్తే.

హెర్బర్ట్

*

మెదక్,
26 జనవరి 2025, ఆదివారం

అక్కకు,

నువ్వు రాసిందంతా నిజం. అది ముందు ఒప్పుకుంటున్నాను. కానీ నువ్వు కూడా ఊహించనిది ఒకటి ఉంది. అది రాస్తాను.

వ్యాన్ మమ్మల్ని హాలు వెనక, మూత్రశాలల పక్కనున్న వరండాలో దింపింది. కొత్త తెల్ల చీరలతో ఆడవాళ్ళు ఆ తడి గచ్చు మీద నిలబడ్డారు. కుర్చీలు అడిగితే, ముఖ్య అతిథితో వచ్చినవాళ్ళకే చాలడం లేదన్నారు. వైశాలి వచ్చి గొంగళ్ళ మూట మా ముందు పడేసింది. ఏదో చచ్చి అందులో కుళ్ళినట్టు వాసన. రాజయ్య ఒకటి ఎత్తి చూసి కింద పెట్టేశాడు. నేను ఆ అమ్మాయితో చెప్పాను, అమ్మా, బట్టల సంగతి తర్వాత, ముందు మేం ఒకసారి గొంతులు సరిచూసుకోవాలి, గది ఉంటే చూపించు అని.

"గవన్నీ వద్దంకుల్" అంది. "లైవ్ ఏం లేదు. లాస్ట్ ఇయర్ మీ వీడియోల ఆడియో ఉంది గదా, గదే ప్లే చేస్తం. మీరు జర లిప్స్ కదిలిస్తే చాలు."

జెర్లిన్ నన్ను, "అంటే మనం పాడేది లేదా సార్?" అని అడిగింది. నెలన్నరగా రోజూ సాయంత్రం వచ్చి కూర్చున్న మనిషి అడిగే మాట అది. శశికిరణ్ కోసం వెతికాను. స్టేజీ మీద శాలువాలు కప్పుతున్నాడు. తలుపు సందులోంచి నువ్వు కూడా కనిపించావు, స్టూలు మీద, తల వంచుకుని. ఆ శాలువాలు ఎంతసేపు సాగాయో మాకంటే నీకే బాగా తెలుసు. వరండాలో నిలబడి ప్రతి ఉపన్యాసం విన్నాం. ఒక్కసారి నువ్వు ఆ తలుపు దాకా వస్తావేమో అని చూశాను.

చివరికి రాజయ్య, "పోదాం పా సార్. గీడ నిలబడుడు మన ఒంటికి మంచిది కాదు" అన్నాడు. వ్యాన్ అడగలేదు. నాంపల్లి దాకా నడిచాం. నుమాయిష్ జనంలో తెల్ల బట్టలు వేసుకుని వరసగా పోతుంటే ఏదో బ్యాండు మేళం అనుకుని ఒకాయన మా రేటు అడిగాడు.

నిన్ను నమ్మకపోవడం నా తప్పు. నువ్వు తలుపు దాకా రాకపోవడం ఏమిటో నువ్వే రాయి. ఇక ఆ ఊళ్ళో ఎవరు వాయించినా మాకు సంబంధం లేదు.

హెర్బర్ట్

*

అబిడ్స్,
31 జనవరి 2025

హెర్బర్ట్‌కు,

అడిగినదానికి ముందు జవాబు. మీరు వచ్చారని నాకు తెలుసు. వరండాలో తెల్ల చీరలు కనిపించాయి. లేచి రావాలనుకున్నాను. నేను దిగితే ఆ చోట టాబ్లెట్ పెట్టేస్తారని భయపడి కూర్చున్నాను. అంతకు మించి కారణమేమీ లేదు. రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మీరు వెళ్ళాక జరిగింది విను.

మీరు లేరని తెలిస్తే ఎవరైనా ఆ అంశం తీసేస్తారు. శశికిరణ్ తీయలేదు. సమోసాలు పంచడానికి వచ్చిన మనుషులను పిలిచి మీ గొంగళ్ళు వాళ్ళకు కప్పించాడు. లాంతర్లు ఇచ్చాడు. అప్పటికి నాకు ఇవేమీ తెలియవు. మీరింకా వెనక ఉన్నారనే అనుకుంటున్నాను.

లీనా ఆఖరి అంశం మొదలుపెట్టింది. మన రాగం. దీపాలు ఆరాయి, వెనక తలుపు తెరుచుకుంది, గొంగళ్ళు వచ్చాయి. అప్పుడు పైనున్న స్పీకర్లలోంచి నీ గొంతు వచ్చింది. బొంగురుగా, గరగరలాడుతూ, కానీ నీదే. నీ వెనక జెర్లిన్, రాజయ్య. వచ్చిన మనుషుల మొహాల మీద లాంతరు వెలుతురు పడింది. ఒక్కరూ మనవాళ్ళు కాదు. పాపం, ఏం పాడుతున్నట్టు నటించాలో కూడా వాళ్ళకు తెలియదు, చేపల్లాగా నోళ్ళు తెరిచి మూస్తున్నారు. వాళ్ళను ఏమీ అనను. కానీ అమ్మను మట్టిలో పెట్టినప్పటి పాటను తీసుకొచ్చి, ఎవరి మూతికో తగిలించి, జొన్న కంకులతో ఊరేగిస్తుంటే, ముందు వరుస వాళ్ళు ఫోన్లు ఎత్తి మురిసిపోతుంటే, నా ఒంట్లో రక్తం మరిగింది.

లీనా వాయించడం ఆపేసింది. నా వైపు తిరిగి, వీళ్ళు మీవాళ్ళేనా అని మెల్లగా అడిగింది. కాదు, మావాళ్ళు వెళ్ళిపోయినట్టున్నారు అన్నాను. తర్వాత ఆ మైకుల అతని వైపు చూసి, దాన్ని బంద్ చేయమని అరిచాను. అంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు. బంద్ చేశాడు.

నేను అంతకుముందే పేజీ తిప్పడానికి లేచి నిలబడి ఉన్నాను. తిప్పాక కూర్చోవాలి, అది నా పని. కూర్చోలేకపోయాను. ఆ రాగానికి మనలో కూర్చునేవాళ్ళు ఎవరున్నారని అడిగావు కదా. నోరు తెరిచాను. ఏం వచ్చిందో నీకు చెప్పనవసరం లేదు.

ఆల్టో ఒక్కటే ఎలా ఉంటుందో ఎప్పుడైనా విన్నావా? నేనూ అదే మొదటిసారి వినడం. పైకి పోదు, కిందికి రాదు, ఉన్నచోటే తచ్చాడుతుంది. అది పాటని ఎవరికి తెలుస్తుంది? ముసలావిడకు మతి పోయిందనుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. సగంలో ముఖ్య అతిథి అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టాడు. లీనా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, మాథియాస్ కమాను దించేశాడు. గొంగళ్ళవాళ్ళలో ఒకతను మాత్రం గొంగడి తీసి, మడిచి చంకలో పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. చరణం చివరిదాకా పాడాను. తర్వాత కూర్చున్నాను. లీనా మళ్ళీ మొదటినుంచి వాయించింది. పేజీలు తిప్పాను, ఒక్కటి కూడా తప్పలేదు.

శశికిరణ్ నన్ను బయటిదాకా సాగనంపాడు. "మేడం, ఏజ్ అయినంక గిట్లనే అయితది. జర రెస్ట్ తీస్కోండి" అన్నాడు. వచ్చే నెల నుంచి టాబ్లెట్టే. స్టూలు గేటు దగ్గర వేశారు, వాచ్‌మన్ కూర్చుంటున్నాడు. వెనక ఆనుకోవడానికి లేదని అతనికీ దాని మీద చిరాకే.

మీరు అప్పటికి ఎక్కడున్నారో నాకు తెలియదు. నాంపల్లిలోనే ఉండి ఉంటారు. వినబడే దూరం కాదు.

మాబెల్

*

మెదక్,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం కంటే ముందే వీడియో వచ్చింది. ముందు వరుసలో ఎవరో తీసి పెట్టారు. ముసలమ్మకు పూనకం అని పేరు పెట్టారు. కింద జనం రాసినవి చదివి రాజయ్య బయటికి వెళ్ళి ఉమ్మేసి వచ్చాడు. నేను రెండు రోజులు దాన్ని చూడలేదు. నీ ఉత్తరం చదివాక చూశాను.

ఈ రోజు ఆరాధన అయ్యాక క్వయిర్‌ను ఆగమన్నాను. జెర్లిన్ ఫోన్ తీసి హార్మోనియం మీద పెట్టింది. నీ ఉత్తరం కూడా చదివాను, తలుపు దాకా ఎందుకు రాలేదో రాసిన ముక్కతో సహా. జెర్లిన్ వీడియో నొక్కింది.

నువ్వొక్కదానివే పాడుతుంటే అది కీర్తనలా లేదక్కా. ఏదో ఇల్లు వెతుక్కుంటున్నట్టు ఉంది. మొదటి వరుస అంతా అలాగే విన్నాం. రెండో వరుసకు జెర్లిన్ నీ గొంతులోంచి తన స్వరం ఏరుకుని, సన్నగా అందుకుంది. నేను కలిశాను. రాజయ్య బేస్ పట్టాడు. నేను తయారు చేసిన ఆల్టో ఆడవాళ్ళిద్దరూ నోరు మూసుకుని నిలబడ్డారు, నేను చెప్పకుండానే. ఫోన్ చుట్టూ నిలబడి నీతో చివరిదాకా పాడాం. నాలుగు గొంతులూ ఉన్నాయి. మధ్యలో చప్పట్లు కొట్టినవాడు కూడా ఉన్నాడు, వాణ్ణి ఏం చేయలేం.

మూడో వరుసలో నువ్వు తొందరపడ్డావు. అమ్మ ఉన్నప్పుడూ అంతే. అందరం నీతో పాటు తొందరపడ్డాం.

వీడియో ఒక్క చరణమే. అక్కడ నువ్వు ఆగిపోయావు, మేం అలవాటుకొద్దీ రెండో చరణంలోకి వెళ్ళిపోయాం. ఆ ఇద్దరూ అప్పుడు కూడా నోరు తెరవలేదు. తర్వాత అడిగితే, అక్కయ్య వస్తుంది కదా సార్ అన్నారు. చరణమంతా ఆల్టో లేకుండానే పాడాం.

నా నంబరు మీద బ్లాక్ తీయడం తీయకపోవడం నీ ఇష్టం. వచ్చే ఆదివారం ఆరాధన పదింటికి. నీకు ఇక్కడ స్టూలు లేదు. నిలబడే పాడాలి.

నీ తమ్ముడు,
హెర్బర్ట్